మూడు షిఫ్టుల కళ్ళజోడు

మా లైనులో ఆదివారం పొద్దున పేపరు ఒకటే వస్తుంది. కళ్ళజోళ్ళు నాలుగున్నాయి, చదివేవాళ్ళు పదిమంది. వేపచెట్టు కింద అరుగు మీద పేపరు ఎవరి చేతికి వస్తే వాళ్ళు ముందు పక్కాయన ముక్కు మీదికి చెయ్యి చాపుతారు. "ఇట్టియ్యి మామా, ఒక్క నిమిషం" అని జోడు తీసుకుంటారు. పేపరు దూరంగా పట్టి, మళ్ళీ దగ్గరగా పట్టి, "నీది నాకు ఒప్పలేదు, ఆయన్ది ఇయ్యమను" అని ఇంకొకరి వైపు తిరుగుతారు. పెళ్ళిపత్రిక వచ్చినా ఇంతే. కరెంటు బిల్లు వచ్చినా ఇంతే. మాత్రల అట్ట మీద తేదీ చూడాలన్నా ఇంతే. పిల్లలైతే ఊరికే తగిలించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తాతల్లాగా నడిచి చూపిస్తారు.

నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. ఒక కళ్ళజోడు కథ తెలిసిన దాన్ని కాబట్టి ఇప్పుడు నవ్వు సగంలో ఆగిపోతుంది. ఆ కథ మన పత్రికలో రాయమని మా వదినే చెప్పింది. పేరు మాత్రం వద్దంది, మిల్లు పేరూ వద్దంది. రెండూ రాయడం లేదు.

అది తిరువళ్ళూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు. నేను కోన్ వైండింగులో ఉండేదాన్ని. వదిన రింగు ఫ్రేములో సైడరు, రెండో షిఫ్టు. మా అన్నయ్య కూడా రింగు ఫ్రేమే, ఎప్పుడూ రాత్రి షిఫ్టు. అప్పట్లో మా మిల్లులో ఆడవాళ్ళకు రాత్రి షిఫ్టు లేదు. మొదటి షిఫ్టులో, వదిన నడిపే ఫ్రేము మీదే, మేమందరం పెద్దక్క అని పిలిచే ఒకామె ఉండేది. ఆ పెద్దక్క తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి వీధిలో, అమావాస్య నాడు బండి మీద అమ్మేవాడి దగ్గర, 60 రూపాయలకు నల్లఫ్రేము కళ్ళజోడు ఒకటి కొన్నది. పవరు ఎంతని అడగలేదు. బండివాడు ఒక చీటీ చూపించి చదవమన్నాడు. నాలుగో జోడుకు అక్షరాలు తేటగా కనిపించాయి, తీసుకుంది.

రింగు ఫ్రేములో పని చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, చెయ్యనివాళ్ళ కోసం చెప్తాను. ఫ్రేము పొడవునా వందల కండెలు తిరుగుతుంటాయి. ఎక్కడ పోగు తెగితే అక్కడికి పోయి, కండె ఆపి, తెగిన కొస వెతికి పట్టుకుని, పైనుంచి వచ్చే దూదిపోగుతో కలపాలి. దాన్నే పీసింగు అంటాం. మంచి చెయ్యి అయితే రెండు మూడు సెకన్ల పని. కానీ ముందు కొస కనిపించాలి. 20వ నంబరు నూలైతే చేత్తో తడిమినా దొరుకుతుంది. 60వ నంబరు నూలు వెంట్రుక లాంటిది. నూలులో నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, మనిషికి నంబరు పెరిగేకొద్దీ చూపు సన్నబడుతుంది అని అన్నయ్య అనేవాడు.

నలభై దాటిన వదినకు కొస దొరకడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకున్న సైడర్లను ఊడ్చే పనికో, వేస్టు దూది పనికో మారుస్తారని మాట ఉండేది. అక్కడ కూలి తక్కువ. నిజంగా అట్లా మార్చారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, మాట అయితే అందరి చెవినా పడింది. ఆ మాటకు భయపడి ఎంతమంది కళ్ళు నులుముకుంటూ పని చేశారో లెక్కలేదు. ఒకరోజు మధ్యాహ్నం 2 గంటలకు షిఫ్టు మారేటప్పుడు పెద్దక్క తన జోడు తీసి వదిన చేతిలో పెట్టింది. "మేస్త్రీ అవతలికి పోయినాక పెట్టుకో, వచ్చేటప్పుడు కొంగులో దాచుకో" అంది.

ఆ రోజు వదిన ఇంటికొచ్చి ఎంత సంతోషపడిందో! "కొసలన్నీ తాళ్ళ మాదిరి కనబడతా ఉండాయే" అంది. రాత్రి 10 గంటలకు గేటు దగ్గర అన్నయ్యకు చూపించింది, అతనూ పెట్టుకున్నాడు, అతనికీ సరిపోయింది. మొదలు అంతే. పొద్దున 6కు అన్నయ్య గేటు దగ్గర పెద్దక్కకు ఇస్తాడు. 2 గంటలకు పెద్దక్క వదినకిస్తుంది. రాత్రి 10కి వదిన అన్నయ్యకిస్తుంది. మూడు ముక్కులు, ఒక జోడు. ముగ్గురికీ పదహారేసి గంటల తీరిక ఉండేది, కళ్ళజోడుకు మాత్రం వారాంతం సెలవు ఒక్కటే. ఆ సెలవురోజు కూడా మా ఇంట్లో ఊరుకోనిచ్చేవాళ్ళు కాదు, లైనంతా వచ్చి పెట్టుకుని చూసేది. ఒక కాడ విరిగితే 40వ నంబరు నూలు పేని నేనే కట్టాను. అద్దాల మీద పేరుకున్న దూదిపొట్టు తుడిచేదీ నేనే. అప్పుడు నాకు ముప్పై కూడా లేవు, అదంతా వేడుకగా ఉండేది.

ఇట్లా ముగ్గురికి ఒకే జోడు ఎట్లా సరిపోయిందని ఈ మధ్య తిరువళ్ళూరులో కళ్ళు పరీక్షించే ఒక పెద్దమనిషిని అడిగాను. ఆయన నవ్వి, "మీ ముగ్గురికీ ఇంచుమించు ఒకే వయసు కదమ్మా" అన్నాడు. కంటి లోపలి కటకం చిన్నప్పుడు మెత్తగా ఉండి, దగ్గరిది చూడాలంటే ఉబ్బుతుందట. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది, నలభై దాటేసరికి దగ్గరిదాని కోసం ఉబ్బలేదు. అది జబ్బు కాదు, జుట్టు నెరిసినట్టే. అందరికీ వస్తుంది. నలభైలో వస్తుంది కాబట్టే మన పెద్దలు దాన్ని చత్వారం అన్నారు. ఇక్కడి అరవవాళ్ళు వెళ్ళెళుత్తు అంటారు, తెల్ల అక్షరం అని. అక్షరాలు తెల్లబోయినట్టు కనిపిస్తాయి కదా, మంచి పేరే పెట్టారు. దానికి ప్లస్ అద్దం కావాలి. నలభై దాటిన కొత్తలో ఒకటి, అరవై దగ్గర పడేసరికి రెండున్నర దాకా పెరుగుతుంది. అందుకే ఈడు కలిసినవాళ్ళ జోళ్ళు ఒకరివి ఒకరికి కొంచెం అటూ ఇటుగా పనికొస్తాయి. జోడు పెట్టుకోవడం వల్లే పవరు పెరుగుతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అది తప్పట. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా అది పెరిగేది పెరుగుతుంది.

మరి ఇంకొకరిది పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయా అని అడిగాను. పెద్దవాళ్ళకైతే కన్ను పాడవదు అన్నాడు. ఇది విని నేనే ఆశ్చర్యపోయాను. తలనొప్పి వస్తుంది, కళ్ళు లాగుతాయి, తల తిరుగుతుంది, తీసేస్తే పోతుంది. కొందరికి రెండు కళ్ళకూ రెండు రకాల పవరు ఉంటుంది, కొందరికి సిలిండరు అని ఇంకొక రకం అద్దం కావాలి, వాళ్ళకు ఎరువు జోడు ఎప్పటికీ కుదరదు. అద్దం నడిమి భాగం కంటిపాపకు ఎదురుగా రావాలి. కళ్ళ మధ్య ఎడం మనిషికీ మనిషికీ మారుతుంది, అందుకని పవరు ఒకటే అయినా ఒకరిది ఇంకొకరికి లాగినట్టు ఉంటుంది. దగ్గరి చూపు జోడు పెట్టుకుని నడవకూడదు. ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వైండింగు నుంచి రింగు ఫ్రేము దాకా ఒకసారి సరదాకు పెట్టుకుని నడిచాను. నేల మోకాళ్ళ దాకా లేచి వచ్చినట్టుంది, అడుగు ఎక్కడ పడుతుందో తెలియలేదు. మిషన్ల నడుమ అట్లా నడవడం ఎంత ప్రమాదమో తలుచుకుంటే ఇప్పుడు గుండె దడదడలాడుతుంది.

"కన్ను పాడవదు గానీ, పాడవుతున్న కన్ను బయటపడదు" అన్నాడాయన చివర్లో. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా ఇంట్లో జరిగింది అదే.

వదిన ఆ జోడుతో ఏడేళ్ళు పని చేసింది. రెండేళ్ళు గడిచేసరికి దారిలో దేనికో ఒకదానికి తగులుకోవడం మొదలుపెట్టింది. కండెల ట్రాలీ ఎడమ పక్క నుంచి వస్తే చూసుకునేది కాదు. తలుపు రెక్కకు భుజం కొట్టుకునేది. "నడమంత్రపు సిరి వచ్చిందే నీకు, మనుషులు కనపడరు" అని మేము ఎగతాళి చేసేవాళ్ళం. మా అమ్మ దిష్టి తీసింది. పోగు కొస మాత్రం వదినకు బాగా కనిపించేది. అరచేతిలో చీటీ పెడితే చదివేది. ఇంక కళ్ళలో లోపం ఉందని ఎవరనుకుంటారు?

ఆ ఏడు ఆడికృత్తికకు తిరుత్తణి పోయాం. ఆ పండక్కి కావళ్ళతో కొండంతా మనుషులే. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. తిరుత్తణి మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. దిగేటప్పుడు పక్కనున్నవాళ్ళు తోసుకుంటుంటే వదిన కింది మెట్టు చూడలేదు. పడి, మూడు నాలుగు మెట్లు దొర్లింది. చెయ్యి విరిగింది. కట్టు కట్టిన డాక్టరమ్మ "ఎట్లా పడ్డావు" అని అడిగి, వదిన కళ్ళ ముందు వేళ్ళు పక్కలకు ఆడించి చూసి, ఎగ్మోరు పొమ్మని చీటీ రాసింది.

ఎగ్మోరు కంటాసుపత్రి 1819లో మొదలైంది. లండన్‌లో ఉన్న మూర్‌ఫీల్డ్స్ తర్వాత ప్రపంచంలోనే రెండో పాత కంటాసుపత్రి అని చెప్తారు. అక్కడ వదినను ఒక గిన్నె లాంటి మిషను ముందు కూర్చోబెట్టి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాగితం మీద వచ్చిన బొమ్మలో నడుమ తెల్లగా ఉంది, చుట్టూ నల్లగా ఉంది. నీటికాసులు అన్నారు, ఇంగ్లీషులో గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కచూపు ముందు పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. పోయింది తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే మిగిలింది నిలబెట్టుకోవచ్చు. డాక్టరు వదిన చేతిలో నల్లఫ్రేము చూసి, "ఇది ఎవరు రాసిచ్చారు?" అని అడిగాడు. వదిన తల దించుకుని "మా పెద్దక్కది సార్" అంది.

ఏడేళ్ళ కిందట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన జోడు కోసం కంటి పరీక్షకు పోయి ఉంటే ఒత్తిడి అప్పుడే బయటపడేదేమో. ఆ 'ఏమో' మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పెద్దక్క చాలా ఏడ్చింది. ఆమె తప్పేముంది? ఆమె ఇవ్వకపోతే వదిన పని అప్పుడే పోయేది. తుడిచి తుడిచి ఇచ్చిన నా తప్పు ఎంత అని నేనూ లెక్క వేసుకుంటాను.

కళ్ళజోడుకూ కూలికీ ఉన్న ముడి గురించి ఒక సంగతి చెప్పాలి. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కూలీలకు కొందరికి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, ఆకు ఎంత కోస్తారో తూచి చూశారు. అద్దాలు ఉన్నవాళ్ళు ఐదోవంతుకు పైగా ఎక్కువ కోశారు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఇట్లాగే కుట్టుపని, చేతిపనులు చేసేవాళ్ళకు ఇస్తే ఎనిమిది నెలల్లో సంపాదన మూడోవంతు పెరిగిందని 2024లో తేల్చారు. ఆకు కోసేవాళ్ళకే అంత తేడా ఉంటే, 60వ నంబరు పోగు అతికేవాళ్ళకు ఎంత ఉండాలి! అద్దాలు పెట్టుకుంటే పని తీసేస్తారని మనం భయపడ్డాం. నిజానికి అద్దాలు పెట్టుకున్నవాళ్ళ దగ్గర తెగిన పోగులు తక్కువసేపు ఆగి ఉంటాయి, లాభం మిల్లుకే. ఈ లెక్క యూనియన్‌వాళ్ళయినా అప్పుడు మేస్త్రీ ముందు పెట్టి ఉండాల్సింది.

చూపు ఉన్నా చదవలేని సంగతి మా తాతది. ఆయన పొదటూరుపేట వైపు మగ్గం నేసేవాడు. పడుగు అతకడంలో గట్టివాడు, తెలుగు బాగా చదివేవాడు. తిరుత్తణి తాలూకా అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలోకి పోయింది. తరువాత ఎప్పుడో ఆఫీసు గోడకు ఒక నోటీసు అంటించారు. తాత పోయి చూశాడు, అర్థం కాలేదు. పక్కన నిలబడ్డవాడి జోడు అడిగి పెట్టుకున్నాడు, కాలేదు. కరణం జోడు అడిగాడు, కాలేదు. "నా కండ్లు పూర్తిగా పోయినాయిరా" అని ఇంటికొచ్చి పడుకున్నాడట. మా నాయన పోయి చూస్తే ఆ నోటీసు అరవంలో ఉంది. ఈ కథ చెప్పి తాత తనే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వు అయిపోయాక కాసేపు మాట్లాడేవాడు కాదు.

పిల్లల సంగతికి వస్తాను, ఇది మంచి కబురే. తిరుత్తణి అంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు, 1888 సెప్టెంబరు 5న, తెలుగు ఇంట్లో. ఆయన పుట్టినరోజే 1962 నుంచి టీచర్ల పండగ. ఆ రోజు మన బళ్ళలో ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో తలపాగా చుట్టి, కళ్ళజోడు తగిలించి రాధాకృష్ణన్ వేషం వేస్తారు. కిందటేడు మా అన్నయ్య మనవరాలికి ఆ వేషం వచ్చింది. తొమ్మిదేళ్ళది. జోడు కోసం వాళ్ళ సారు తనది తీసి పెట్టాడు. ఆయనది దూరపు చూపు జోడు, మైనస్ అద్దం. పిల్ల అది పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు మరిచిపోయి, వెనక గోడ మీద రాసిందంతా చదవడం మొదలుపెట్టింది. "సారూ, ఆ మూల రాసింది కూడా కనబడతా ఉండాది!" అని అరిచింది. అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకూ మైనస్ తేలింది. అన్నాళ్ళూ ఆ పిల్ల పక్కదాని నోటు చూసి రాసుకుంటోందట, మేము మందమతి అనుకున్నాం.

అట్లాగని పిల్లలకు పెద్దవాళ్ళ జోళ్ళు పెట్టి చూడమని నేను చెప్పడం లేదు. పెద్దవాళ్ళ మాట వేరు, పిల్లల మాట వేరు. ఒక కన్ను మసకగా ఉండి చిన్నప్పుడే అద్దం పడకపోతే, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. పెద్దయ్యాక ఎంత మంచి అద్దం పెట్టినా ఆ కన్ను పూర్తిగా అందుకోదు. కాబట్టి బడిలో కంటి పరీక్షకు వచ్చినరోజు పిల్లల్ని ఇంటి దగ్గర ఆపకండి. ఆడపిల్లకు జోడు పెడితే పెళ్ళి కాదని దాచేవాళ్ళు మన లైనుల్లో ఇంకా ఉన్నారు. నాకు వాళ్ళ మీద కోపమే.

రోడ్డు పక్క బండి మీద 150 రూపాయలకు దొరికే జోడు మాటేమిటని అందరూ అడుగుతారు. కంటి డాక్టరు ఒకసారి చూసి, రెండు కళ్ళకూ ఒకటే పవరు, లోపల వేరే లోపం లేదు అని చెప్తే, దగ్గరి చూపుకు అది చాలు, తప్పేమీ లేదు. నలభై దాటాక ఆ పరీక్ష ఒకసారి అయినా కావాలి. షుగరు ఉన్నవాళ్ళకు ఏడాదికొకసారి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే వాళ్ళ తోడబుట్టినవాళ్ళకూ పిల్లలకూ వచ్చే వీలు ఎక్కువ, వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జోడు అమ్మే చోట అక్షరాలు చదివించేది సగం పరీక్షే. ఒత్తిడి కొలిచారా, మందు వేసి లోపల చూశారా అని అడగండి. తిరువళ్ళూరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళు ముందు డిస్పెన్సరీలో అడిగి చీటీ తీసుకోండి. ఇంకొకటి, 'మద్రాస్ ఐ' వచ్చే రోజుల్లో అరుగు మీద జోళ్ళు మార్చుకోవడం ఆపండి. అది చూపుతో అంటుకోదు, చేతులతో, తువ్వాళ్ళతో, ఒకరు తాకిన వస్తువులతో అంటుకుంటుంది.

ఆ నల్లఫ్రేము ఇప్పుడు మా ఇంట్లో పౌడరు డబ్బాలో ఉంది. నేను కట్టిన నూలు పసుపురంగుకు తిరిగింది. పెద్దక్క పోయింది. అన్నయ్యకు సొంత జోడు ఉంది, పరీక్ష చేయించుకున్నాడు, నీటికాసులు లేవు. వదిన రోజుకు రెండుసార్లు చుక్కలు వేసుకుంటుంది, ఒక్క పూట తప్పదు. మెట్లు ఎక్కదు. మల్లెపూలు కడుతుంది, చూడకుండా వేళ్ళతోనే, నాకంటే వేగంగా. మొన్న పూలు కడుతూ, "మనోడికి నలభై వచ్చినాయి గదా, పేపరు దూరంగా పట్టుకుంటా ఉండాడు, చూసినావా?" అంది. వదిన కొడుకు సంగతి. చూశాను. అరుగు మీద మామ జోడు అడుగుతున్నాడు.

సోమవారం వాడికి సెలవు పెట్టించాను. నేనూ కూడా పోతున్నాను, ఎగ్మోరుకు. వదిన తన పాత చీటీలన్నీ ఒక సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టింది.